రెండు ల్యాబులు, రెండు ఫలితాలు: బయోఅస్సే నివేదికను ఎలా నమ్మాలి?

కొండపల్లి పారిశ్రామికవాడలోని ఒక రసాయన కర్మాగారంలో ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) బాధ్యత చూస్తున్న మీరు అడిగిన దాని సారాంశం ఇది. శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని ఒకే రోజు, ఒకే ఔట్‌లెట్ దగ్గర పట్టి విజయవాడలోని ఒక ల్యాబుకు, హైదరాబాదులోని మరొక ల్యాబుకు బయోఅస్సే కోసం, అంటే ఆ నీటిలో చేపలను ఉంచి ఎన్ని బతుకుతాయో చూసే పరీక్ష కోసం, పంపారు. 96 గంటల తరువాత 100 శాతం చేపలు బతికాయని విజయవాడ ల్యాబు, 70 శాతమే బతికాయని హైదరాబాదు ల్యాబు నివేదికలిచ్చాయి. రెండింటి మీదా ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) ముద్ర ఉంది. పీహెచ్ 7.4, అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 38 మిల్లీగ్రాములు, మిగిలిన రసాయన ఫలితాలు కూడా రెండింటిలోనూ దాదాపు ఒకటే, అన్నీ పరిమితుల లోపలే. సీఎఫ్‌ఓ (కర్మాగారం నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి) రెన్యువల్ దగ్గర పడింది. మేనేజ్‌మెంటు వారు ఇకమీదట విజయవాడ ల్యాబుకే ఇద్దామంటున్నారు, మీకేమో మనసొప్పడం లేదు. ఏ ల్యాబును నమ్మాలి, ఆ సంగతి ఎలా తేల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను మొదట గుంటూరులో, ఆ తరువాత విజయవాడలో, మొత్తం పాతికేళ్లకు పైగా నీటి పరీక్షల ల్యాబుల్లో పనిచేశాను. అందులో సగకాలం చేపల తొట్ల ముందే గడిచింది. ఇప్పుడు కర్మాగారాల తరఫున ల్యాబులకు వెళ్లి వాటి రికార్డులు చూసి రావడమే పని. ఈ అనుభవంతో ఒక మాట ముందే చెప్పేస్తాను. మంచి ఫలితం ఇచ్చిన ల్యాబు, చెడు ఫలితం ఇచ్చిన ల్యాబు అని విడదీసి చూడటం మానుకోండి. జీవులతో చేసే పరీక్ష అప్పుడప్పుడు తప్పిపోక మానదు. అలా తప్పిపోయిన పరీక్షల రికార్డును దాచకుండా మీ ముందు పెట్టగలిగిన ల్యాబును నమ్మవచ్చు. మా దగ్గర ఇంతవరకు ఒక్క పరీక్ష కూడా చెడిపోలేదండీ అని చెప్పే ల్యాబు దగ్గర మాత్రం నేను కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంటాను.

ముందు లెక్క సంగతి చూద్దాం, ఎందుకంటే ఎవరినైనా అనుమానించే ముందు ఈ లెక్క తెలిసి ఉండాలి. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 లోని ఆరో షెడ్యూలు ప్రకారం, శుద్ధి చేసిన వ్యర్థజలంలో మరే నీరూ కలపకుండా నూటికి నూరు శాతం అలాగే తీసుకుని చేపలను 96 గంటలు ఉంచితే, వాటిలో 90 శాతం బతకాలి. దీనికి మన దేశంలో వాడే పద్ధతి భారతీయ ప్రమాణం ఐఎస్ 6582. పది చేపలతో చేసే పరీక్షలో ఒకటి చస్తే పాస్, రెండు చస్తే ఫెయిల్ అన్నమాట. ఇప్పుడు మీ నీటిలో వేల చేపలను వదిలి చూస్తే నూటికి 85 బతుకుతాయనుకుందాం. అదే నీటితో పదేసి చేపల పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తే, సుమారు ఐదింట ఒకసారి పదికి పదీ బతుకుతాయి, నూటికి 18 సార్లు ఏడు గానీ అంతకంటే తక్కువ గానీ బతుకుతాయి. అంటే మీకు వచ్చిన రెండు ఫలితాలూ ఒకే నీటి నుంచి, ఇద్దరు నిజాయితీపరుల చేతుల మీదుగా రావడానికి అవకాశం బాగానే ఉంది. ఇంకొంచెం ముందుకు వెళితే, నూటికి 80 చేపలే బతికే నీరు, అంటే ప్రమాణం అందుకోని నీరు, పది చేపల పరీక్షలో నూటికి 38 సార్లు పాసవుతుంది. సరిగ్గా 90 బతికే నీరు నూటికి 26 సార్లు ఫెయిలవుతుంది. చేపలను 20 చేస్తే, పాస్ కాకూడని ఆ నీరు పాసయ్యే అవకాశం 38 నుంచి 21 కి దిగుతుంది. కాబట్టి రెండు ల్యాబులనూ మీరు అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న, ఎన్ని చేపలు వేశారు, ఎన్ని తొట్లలో వేశారు అని. నివేదికలో శాతం ఒక్కటే వేసి, చేపల సంఖ్య వేయకపోతే ఆ నివేదిక అసంపూర్ణం. 70 శాతం అంటే పదికి ఏడా, ఇరవైకి పద్నాలుగా అన్నది తెలియకుండా దాని గురించి వాదించుకోవడం వృథా.

ఎన్‌ఏబీఎల్ ముద్ర గురించి ఎక్కువ చెప్పను, కానీ చాలామంది జారిపడేది ఇక్కడే. ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 ప్రకారం ఇచ్చే గుర్తింపు ల్యాబు మొత్తానికి వర్తించదు, ఫలానా పరీక్ష, ఫలానా పద్ధతి అని స్కోప్‌లో, అంటే గుర్తింపు పరిధి పత్రంలో, రాసిన వాటికే వర్తిస్తుంది. నీటి విభాగంలో పీహెచ్, బీఓడీ, సీఓడీ, లోహాలు వంటి మామూలు పరీక్షలన్నీ స్కోప్‌లో ఉండి, బయోఅస్సే మాత్రం లేని ల్యాబులు ఉంటాయి. అలాంటి ల్యాబు బయోఅస్సే చేయకూడదని కాదు గానీ, ఆ ఒక్క ఫలితం గుర్తింపు పరిధిలో లేదని మీకు స్పష్టంగా చెప్పాలి. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో ల్యాబు సర్టిఫికెట్ నంబరు కొట్టి, స్కోప్ పత్రాన్ని దించుకుని, బయోఅస్సే అన్న పదం ఉందో లేదో, ఉంటే పక్కన ఐఎస్ 6582 ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. గడువు తేదీ కూడా చూడండి. ఇంకొక సంగతి, పర్యావరణ పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ కింద పర్యావరణ ల్యాబుగా పొందే గుర్తింపు వేరు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు వేరు. మీ సీఎఫ్‌ఓ షరతుల్లో ఏది అడిగారో చదివి దాన్నే చూపించమనండి. పరీక్షను వేరే ల్యాబుకు పంపి చేయించి తమ లెటర్‌హెడ్ మీద ఇచ్చేవాళ్లూ ఉంటారు, చేపల తొట్లు మీ దగ్గరే ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి.

కాగితాల్లో అసలైనది బెంచ్ షీటు. నివేదిక టైపు చేసింది, బెంచ్ షీటు చేత్తో రాసింది. 24, 48, 72, 96 గంటలకు ఏ తొట్టిలో ఎన్ని చేపలు బతికి ఉన్నాయి, ఆ సమయానికి పీహెచ్ ఎంత, కరిగిన ఆక్సిజన్ ఎంత, ఉష్ణోగ్రత ఎంత, చూసినవారి సంతకం, గడియారం సమయం ఇవన్నీ అందులో ఉండాలి. కొన్నేళ్ల క్రితం ఒక ల్యాబులో, పేరు ఇక్కడ అనవసరం, జనవరి నెల షీట్లు తిరగేస్తుంటే భోగి ముందు రోజు మొదలైన పరీక్ష ఒకటి కనిపించింది. 24 గంటల రీడింగు భోగి నాడు, 48 సంక్రాంతి నాడు, 72 కనుమ నాడు, 96 ముక్కనుమ నాడు పడాలి. నాలుగు గడులూ నిండి ఉన్నాయి. కరిగిన ఆక్సిజన్ 6.8, 6.8, 6.7, 6.8. సిరా ఒకటే, అంకెల వాలు ఒకటే, సమయం నాలుగు రోజులూ 10 గంటల 30 నిమిషాలే. కనుమ నాడు ఎవరొచ్చారండీ అని అడిగాను. చేపలన్నీ బతికే ఉన్నాయి కదా సార్, పండగ అయ్యాక చూసి రాసేశాం అన్నాడు ఆ కుర్రాడు. అతను అబద్ధం చెప్పలేదు, చేపలు బతికే ఉండవచ్చు. కానీ ఏ గంటకు ఏమైందో తెలియని పరీక్ష 96 గంటల పరీక్ష కాదు. ఆ ఆక్సిజన్ అంకెలు మరీ అన్యాయం. వ్యర్థజలంలో సూక్ష్మజీవులు, చేపలు కలిసి ఆక్సిజన్‌ను వాడుకుంటూ ఉంటాయి కాబట్టి నాలుగు రోజుల్లో ఆ అంకె ఎంతో కొంత కదలాలి. అప్పటి నుంచి నేను ఏ ల్యాబుకు వెళ్లినా గురువారం మొదలైన పరీక్షల షీట్లే ముందు అడుగుతున్నాను. గురువారం మొదలైన దానికి 72 గంటల రీడింగు ఆదివారం పడుతుంది. ఆ ఆదివారం ఎవరు వచ్చారో హాజరు పట్టీలోనో, గేటు రిజిస్టరులోనో సరిచూసుకుంటే ల్యాబు గురించి సగం తెలిసిపోతుంది.

ఆ షీటులోనే కంట్రోల్ తొట్టి లెక్క ఉంటుంది. వ్యర్థజలం లేకుండా, ల్యాబు వాడే శుభ్రమైన నీటిలో అదే చేపలను అన్ని గంటలూ ఉంచే తొట్టి అది. కంట్రోల్‌లో 10 శాతానికి మించి చేపలు చస్తే మొత్తం పరీక్షను కొట్టివేసి కొత్త శాంపిల్‌తో మళ్లీ చేయాలి. ఈ విషయంలో ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల కూటమి) మార్గదర్శకం 203, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతులు ఒకే మాట చెబుతాయి. విజయవాడలో మునిసిపల్ కుళాయి నీటిని వాడే ల్యాబైతే, వానాకాలంలో క్లోరిన్ మోతాదు పెరిగినప్పుడు దాన్ని పూర్తిగా పోగొట్టకుండా తొట్టిలో పోస్తే కంట్రోల్ చేపలే ముందు చస్తాయి. గుంటూరు వైపు బోరు నీరు వాడేవారికి కాఠిన్యం సమస్య. మెత్తని నీటిలో పెరిగిన చేపను ఉన్నట్టుండి కాఠిన్యం, లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో వేస్తే ఆ తాకిడికే నీరసపడుతుంది. కాబట్టి గత ఏడాదిలో కంట్రోల్ చేపలు చచ్చి రద్దయిన పరీక్షలు ఎన్ని అని అడగండి. రెండో మూడో చూపించి, అప్పుడు ఏం చేశారో రాసిన కాగితం తీసి ఇస్తే సంతోషించండి. ఏళ్ల తరబడి ఒక్కటి కూడా రద్దు కాలేదంటే, చేపలు చావలేదా, చచ్చినవి లెక్కలోకి రాలేదా అన్న అనుమానం నాకు సహజంగానే వస్తుంది.

చేపలు ఎక్కడివి అన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. బీసెంట్ రోడ్డు పక్క సందుల్లోనో, అరండల్‌పేటలోనో అక్వేరియం షాపులో ఉదయం కొని, సాయంత్రం పరీక్షలో వేసేసే పద్ధతి ఒకప్పుడు నేనూ చూశాను. తెచ్చిన చేపలను రెండు రోజులు కుదుటపడనిచ్చి, ఆ తరువాత కనీసం ఏడు రోజులు పరీక్ష నీటికి, ఆ ఉష్ణోగ్రతకు అలవాటు చేయాలి. ఆ ఏడు రోజుల్లో 10 శాతానికి పైగా చస్తే ఆ బ్యాచి మొత్తం పనికిరాదు. 5 నుంచి 10 శాతం చస్తే ఇంకో ఏడు రోజులు ఆగాలి. 5 శాతం లోపే చస్తేనే పరీక్షకు తీసుకోవాలి. తెల్లమచ్చల జబ్బు పట్టిన బ్యాచితో చేసిన పరీక్షలో చచ్చిన చేపల పాపం మీ ఈటీపీకి చుట్టుకుంటుంది. రెండు ల్యాబులూ ఒకే జాతి చేపను వాడాయా అన్నది కూడా కనుక్కోండి. గప్పీ ఉప్పదనాన్ని బాగా ఓర్చుకుంటుంది, జీబ్రాఫిష్ అంతగా ఓర్చుకోదు. టీడీఎస్ (కరిగిన లవణాలు) ఎక్కువగా ఉన్న నీటిలో ఈ ఒక్క తేడాతోనే ఫలితాలు వేరు కావచ్చు.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించేది రిఫరెన్స్ టాక్సికెంట్ చార్టు మీద. రసాయన పరీక్షలో తెలిసిన గాఢత ఉన్న ద్రావణం పెట్టి పరికరం సరిగా చూపుతోందో లేదో సరిచూసుకున్నట్టే, ఇక్కడ చేపలనే సరిచూసుకోవాలి. పొటాషియం డైక్రోమేట్, కాపర్ సల్ఫేట్, మామూలు ఉప్పు వంటి విషత్వం తెలిసిన పదార్థంతో నెలకొకసారైనా, కొత్త బ్యాచి చేపలు వచ్చినప్పుడల్లా పరీక్ష చేసి, సగం చేపలు చచ్చే గాఢత ఎంతో కట్టాలి. దాన్నే ఎల్‌సీ50 అంటారు. ఆ విలువలను వరుసగా ఒక చార్టు మీద గుర్తిస్తూ, సగటు గీత, దానికి పైన కింద రెండేసి ప్రామాణిక విచలనాల (ఫలితాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) దూరంలో హద్దు గీతలు గీస్తారు. చేపకు బదులు డాఫ్నియా అనే చిన్న నీటి జీవితో చేసే ల్యాబుకైతే బయటి కొలత కూడా ఒకటి ఉంది. పొటాషియం డైక్రోమేట్‌తో 24 గంటల పరీక్షలో సగం డాఫ్నియాలు కదలిక కోల్పోయే గాఢత లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని ఐఎస్ఓ 6341 చెబుతుంది. ఆ పరిధి ఎంత వెడల్పో చూడండి, కిందికీ పైకీ మూడు రెట్లకు పైగా తేడా. జీవుల పరీక్షలో సహజమైన చెదురు అంత ఉంటుంది.

ఈ చార్టును చదవడంలో చాలామంది ఆడిటర్లు కూడా ఒక్కటే చూస్తారు, చుక్కలన్నీ గీతల లోపల ఉన్నాయా అని. అది చాలదు. రెండు విచలనాల హద్దు అంటేనే ఇరవైలో ఒకటి బయటికి పోవడం మామూలేనని అర్థం. ఒకచోట 24 నెలల చార్టు చూపించారు, 24 చుక్కలూ దారానికి గుచ్చిన పూసల్లా సగటు గీత మీదే ఉన్నాయి. ఒకే మనిషి ఒకే రోజు పక్కపక్కన పెట్టి చేసినా అంత దగ్గరగా రావు. ముడి లెక్కలు అడిగితే ఫైలు బీరువా తాళం చెవి ఆ రోజు దొరకలేదు. దీనికి తిరగబడిన మోసం ఇంకొకటి ఉంది, అది ఉద్దేశపూర్వకం కూడా కాకపోవచ్చు. హద్దు గీతలు ల్యాబు సొంత ఫలితాల నుంచే పుడతాయి కాబట్టి, పని ఎంత అడ్డదిడ్డంగా ఉంటే హద్దులు అంత దూరంగా జరిగి, ఏ చుక్కయినా లోపలే పడుతుంది. అందుకని గీతల వెడల్పును సగటుతో పోల్చి చూడండి. విచలనం సగటులో 20, 30 శాతం ఉంటే సహజం, 3 శాతమే ఉంటే అనుమానం, 70 శాతం ఉంటే ఆ చార్టు ఉన్నా లేకున్నా ఒకటే. చుక్కలు వరుసగా ఏడెనిమిది సగటుకు ఒకే పక్కన పడుతుంటే చేపల మూలం మారిందో, నీరు మారిందో, తూకం తప్పుతోందో ఏదో ఒకటి జరుగుతోందని అర్థం. నేను ఇప్పుడు నా వద్దకు వచ్చేవారి శాంపిళ్లు పంపే ల్యాబులో ఆ చార్టు మీద రెండు చుక్కల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఒకదాని పక్కన, కొత్త బ్యాచి చేపలు, ఈ వారం చేసిన నాలుగు పరీక్షలు మళ్లీ చేయాలి, కస్టమర్లకు ఫోన్ చేశాం అని తేదీతో రాసి ఉంది. ఆ నాలుగు పరీక్షల డబ్బు ల్యాబు నష్టపోయింది. నాకు కావలసిన రుజువు అదే.

ఇతర ల్యాబులతో పోల్చి చూసే పీటీ కార్యక్రమాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకే పదార్థాన్ని చాలా ల్యాబులకు పంపి, వచ్చిన ఫలితాలను పోల్చి, ఒక్కో ల్యాబు మిగతావారికి ఎంత దూరంగా ఉందో చెప్పే జడ్ స్కోరు ఇస్తారు. 2 లోపల ఉంటే తృప్తికరం, 2 కీ 3 కీ మధ్య ప్రశ్నార్థకం, 3 దాటితే విఫలం. రసాయన పరీక్షలకు ఇవి ఉన్నంత విరివిగా జీవపరీక్షలకు ఉండవు, కనుక ల్యాబు చూపించే పీటీ సర్టిఫికెట్ సీఓడీదా బయోఅస్సేదా అని చదివి మరీ చూడండి. బయోఅస్సేకు పీటీ లేకపోతే ఇంకో రెండు ల్యాబులతో కలిసి తామే పోలిక పరీక్ష చేసుకున్నారా అని అడగండి. ఏదైనా స్కోరు 3 దాటి ఉంటే దాని తరువాతి పేజీ, కారణం వెతికిన పేజీ, చూపించమనండి.

ల్యాబును తప్పుపట్టే ముందు మీ శాంపిల్‌ను కూడా అనుమానించాలి. మీరు రెండు డబ్బాలను ఔట్‌లెట్ దగ్గర ఒకదాని తరువాత ఒకటి పట్టి ఉంటే అవి రెండు వేర్వేరు శాంపిళ్లే, ఈటీపీలో పది నిమిషాల్లో కూడా నీరు మారుతుంది. ఒక పెద్ద శుభ్రమైన డ్రమ్ములోకి పట్టి, కలియబెడుతూ, మొదటి డబ్బాలో మూడో వంతు, రెండో డబ్బాలో మూడో వంతు, అలా మూడు విడతలుగా నింపి, పైన గాలి లేకుండా అంచు దాకా పోసి మూత బిగించాలి. మండలి అధికారులు జల చట్టం 21వ సెక్షన్ కింద శాంపిల్ తీసుకునేటప్పుడు, మీ సమక్షంలో రెండు భాగాలు చేసి సీళ్లు వేయడానికి చట్టంలోనే ఏర్పాటు ఉంది. మీరు సొంతంగా పంపేటప్పుడు ఆ జాగ్రత్తను మీరే పాటించాలి. తరువాతది వేడి. మే నెలలో మన ఊళ్లో ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. ఈపీఏ పద్ధతి ప్రకారం శాంపిల్‌ను గడ్డకట్టకుండా 6 డిగ్రీల లోపు చల్లగా ఉంచి, పట్టిన 36 గంటల లోపల పరీక్ష మొదలుపెట్టాలి. థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి కార్గో బస్సులో హైదరాబాదు పంపితే 270 కిలోమీటర్ల ప్రయాణం పెద్ద విషయం కాదు. ఆ పెట్టె డిపోలో ఒక పూట, ల్యాబు రిసెప్షన్‌లో ఒక రాత్రి పడి ఉండటంతోనే చిక్కు. అందిన సమయం, అప్పటి ఉష్ణోగ్రత ల్యాబు రాసుకుందా? మంచి ల్యాబు వేడెక్కిన శాంపిల్‌ను తిప్పి పంపుతుంది. విచిత్రం ఏమిటంటే నిల్వ ఉండిపోయిన శాంపిల్ చాలాసార్లు మీకు అనుకూలంగానే వస్తుంది. ఔట్‌లెట్ దగ్గర లీటరుకు 0.3 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే అది పరిమితి లోపలే గానీ చేపకు ప్రాణాంతకం. రెండు రోజులు డబ్బాలో ఉంటే ఆ క్లోరిన్ మాయమై, చేపలన్నీ హాయిగా ఈదుతాయి.

ఇప్పుడు మీ రెండు నివేదికల దగ్గరికి వస్తాను. మీరిచ్చిన అంకెల్లో నా కన్ను ఆగింది అమ్మోనియా నైట్రోజన్ 38 దగ్గర. పరిమితి 50 కాబట్టి రసాయనపరంగా తప్పు లేదు. కానీ చేపను చంపేది మొత్తం అమ్మోనియా కాదు, అందులో అయానుగా మారకుండా మిగిలిన భాగం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.4 ఉంటే ఆ భాగం సుమారు 1.4 శాతం, అంటే మీ నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము. పీహెచ్ 8.4 అయితే అది 12 శాతం దాటి, సుమారు 4.7 మిల్లీగ్రాములు అవుతుంది. అదే నీరు, అదే అమ్మోనియా, విషం తొమ్మిది రెట్లు. పీహెచ్ ఎందుకు పెరుగుతుందంటే, జీవ శుద్ధి జరిగిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. తొట్టిలో ఎయిర్ స్టోను పెట్టి గాలి బుడగలు గట్టిగా వదిలితే ఆ వాయువు ఎగిరిపోయి, నీరు క్షారం వైపు జరుగుతుంది. ఒక ల్యాబు గాలి పెట్టకుండా ఉంచితే, ఇంకొకటి నాలుగు రోజులూ పంపు ఆపకుండా నడిపితే, మీకు వచ్చిన తేడా రావడానికి అది చాలు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గినప్పుడే గాలి పెట్టాలని, అదీ నిమిషానికి 100 బుడగలు దాటకూడదని ఈపీఏ పద్ధతిలో రాసింది ఇందుకే. తొట్టి ఉష్ణోగ్రత పెరిగినా ఆ విషభాగం పెరుగుతుంది. ఏసీ సరిగా పనిచేయని గదికీ, 25 డిగ్రీల దగ్గర నిలిపిన గదికీ మధ్య తేడా ఇక్కడ బయటపడుతుంది.

మీరు సొంతంగా చేయగలిగిన పరీక్ష కూడా ఒకటి ఉంది. తరువాతి విడతలో రెండు ల్యాబులకూ పేర్లు లేకుండా కోడు నంబర్లతో నాలుగేసి డబ్బాలు పంపండి. ఒకటి మీ ఔట్‌లెట్ నీరు, రెండోది అదే నీరు వేరే నంబరుతో, మూడోది అదే నీటిలో సగానికి సగం శుభ్రమైన నీరు కలిపినది, నాలుగోది క్లోరిన్ పోగొట్టిన మామూలు నీరు. మొదటి రెండూ దగ్గరగా రావాలి. మూడోదానిలో మొదటిదాని కంటే ఎక్కువ చేపలు చావడానికి వీల్లేదు. నాలుగోదానిలో దాదాపు అన్నీ బతకాలి. శుభ్రమైన నీటిలో మూడు చేపలు చచ్చాయని రాసిన ల్యాబుకు తన కంట్రోల్‌లో మాత్రం ఎప్పుడూ పదికి పది ఎలా వస్తున్నాయో అడగవచ్చు. నాలుగు డబ్బాలకూ 100 శాతం అని ఒకే అంకె వేసి పంపిన ల్యాబు గురించి కొంచెం ఎక్కువే ఆలోచించవలసి ఉంటుంది. ఖర్చు నాలుగింతలవుతుందని మేనేజ్‌మెంటు వారు అనవచ్చు. ఏడాదికి ఒకసారి చేస్తే చాలు, ప్రతి నెలా అక్కర్లేదు. ఊరికే చేపలను చంపడం నాకూ ఇష్టం లేదు.

రెన్యువల్ దరఖాస్తులో ఏ నివేదిక పెట్టాలన్నదానికి నా సమాధానం మీకు నచ్చకపోవచ్చు. రెండూ మీ ఫైలులో ఉండాలి, 70 శాతం వచ్చినదాన్ని చింపేసే ఆలోచన ఎవరికైనా ఉంటే మానిపించండి. దాన్ని చూపించి, కారణం వెతుకుతున్నామని రాసి, మళ్లీ చేయించిన ఫలితాన్ని జతచేస్తే అధికారుల ముందు మీ మాటకు విలువ ఉంటుంది. ఈ లోపల రెండు ల్యాబులకూ ఒకే ఉత్తరం పంపండి. అందులో చేపల జాతి, సంఖ్య, బ్యాచి అలవాటు రికార్డు, బెంచ్ షీటు నకలు, ఆ నెల రిఫరెన్స్ టాక్సికెంట్ చార్టు, గాలి పెట్టారా లేదా అన్నవి అడగండి. ఇది కస్టమరుగా మీ హక్కే, ఇవ్వడానికి ల్యాబు వెనకాడితే అదీ ఒక జవాబే. కొత్త శాంపిల్‌ను సోమవారం ఉదయమే అందేలా పంపండి, నాలుగు రీడింగులూ పనిదినాల్లోనే పడతాయి. షీట్లు రాగానే ముందు 96 గంటల గడిలో పీహెచ్ చూడండి. హైదరాబాదు షీటులో అది 8.4 దగ్గర, విజయవాడ షీటులో 7.6 దగ్గర ఉంటే, రెండు ల్యాబుల్లో ఎవరూ తప్పు చేయలేదు. పని మీ ఎయిరేషన్ ట్యాంకులో, నైట్రిఫికేషన్ (సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చే దశ) దగ్గర మొదలవ్వాలి. ఒకవేళ విజయవాడ షీటులో నాలుగు రోజులూ 7.4, 7.4, 7.4, 7.4 అని ఉంటే, ఆ కాగితం నాకు ఒకసారి పంపండి.